ముందు దించే దారి: ఒక కోస్తా నగరంలో వల శిల్పం

నేపథ్యం

గుడ్డ, వల, తాడు, వీటితో కట్టే నిర్మాణాలకు లెక్కలు వేయడం నా వృత్తి. చేసేది ఎక్కువగా పార్కింగ్ నీడలు, స్టేడియం కప్పులు. ఈ కేసు మాత్రం ఒక శిల్పానిది. ఊరు కోస్తాలో ఉందన్నంత వరకే చెబుతాను. మనుషుల పేర్లు, చోటును గుర్తుపట్టించే వివరాలు తీసేశాను, కొలతలు సవరించాను. నిర్ణయాలు, వాటి వెనక కారణాలు మాత్రం జరిగినట్టే ఉన్నాయి. మన మున్సిపాలిటీలు ఇలాంటి శిల్పాలు అడగడం ఈమధ్యే మొదలైంది. అడిగేవాళ్ళ చేతిలో విదేశీ ఫొటో ఉంటుంది. ఆ ఫొటోలో తాళ్ళ చివర ఏముందో కనపడదు. ఆ కనపడని భాగం గురించే ఈ కాగితం.

మాకు చూపించిన ఫొటోలు జానెట్ ఎకల్‌మన్ శిల్పాలవి. ఈ అమెరికన్ శిల్పి 1997లో ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద మన దేశానికి వచ్చారు. ప్రదర్శనకు కావలసిన రంగులు సమయానికి చేరలేదు. మహాబలిపురం ఒడ్డున జాలర్లు వలలు పోగులు పెట్టడం చూసి, వాళ్ళతోనే కూర్చుని తన మొదటి వల శిల్పాలు చేశారు. 2005లో పోర్చుగల్‌లో, పోర్తో పక్కనున్న రేవు పట్నంలో, ఒక రౌండ్‌అబౌట్ మీద ఆమె పెద్ద వల లేచింది. ఎండకు చెడని పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం ప్లాస్టిక్) దారం, దాన్ని మోయడానికి ఉక్కు స్తంభాలు, ఉక్కు వలయం. 2015లో బోస్టన్ నడిబొడ్డున మేడల మధ్య వేలాడదీసిన వలకు 160 కిలోమీటర్ల దారం పట్టింది, 5 లక్షలకు పైగా ముడులు పడ్డాయి. అంతా కలిపి బరువు ఒక టన్ను. ఈ కళకు విత్తనం పడింది మన తూర్పు తీరం ఇసుకలోనే కాబట్టి ఇక్కడ చేయాలనుకోవడం నాకు న్యాయంగానే అనిపించింది. ఆ మమకారంతోనే పని ఒప్పుకున్నాను.

అడిగింది ఏమిటి

నగరపాలక సంస్థ కోరింది ఇది: బీచ్ రోడ్డుకు దగ్గర్లో నాలుగు రోడ్ల కూడలి, నాలుగు మూలలా నాలుగు మేడలు, వాటి మధ్య గాల్లో సుమారు 600 చదరపు మీటర్ల చేనేత నూలు గుడ్డ. ఉత్సవానికి ఎత్తాలి, ఏడాది పొడవునా ఉండాలి. శిల్పి చేనేత కుటుంబం నుంచి వచ్చి ఫైన్ ఆర్ట్స్ చదివిన అమ్మాయి. డ్రాయింగుల్లో గుడ్డ మడతలు మడతలుగా కూడలి మీదికి దిగుతుంటే కింద ఆటోలు, సిటీ బస్సులు. నిజంగా అందంగా ఉంది. నన్ను పిలిచింది స్టెబిలిటీ సర్టిఫికెట్ కోసం, అంటే ఇది పడిపోకుండా నిలబడుతుందని ఇంజినీరు ఇచ్చే పత్రం కోసం. అంటే బొమ్మ ఖాయమైపోయింది, కింద సంతకం పెట్టేవాడు కావాలి.

సంతకానికి ముందు గాలి లెక్క వేయాలి. గాలి భారాలకు మన దేశపు కోడ్ ఐఎస్ 875 మూడో భాగం. దాని ప్రకారం విశాఖకు, విజయవాడకు, చెన్నైకి మూల వేగం, అంటే లెక్క మొదలుపెట్టాల్సిన గాలి వేగం, సెకనుకు 50 మీటర్లు. హైదరాబాదుకు 44. వేగాన్ని వేగంతో గుణించి, దాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే బలం న్యూటన్లలో వస్తుంది. 10 న్యూటన్లంటే సుమారు ఒక కిలో బరువు. సెకనుకు 10 మీటర్ల గాలి, అంటే చేతిలో గొడుగు నిలవడం కష్టమయ్యే గాలి, చదరపు మీటరుకు 6 కిలోల బలంతో నెడుతుంది. 50 మీటర్ల గాలి 150 కిలోలతో నెడుతుంది. వేగం 5 రెట్లయితే బలం 25 రెట్లు. 600 చదరపు మీటర్ల గుడ్డకు ఆ గాలి ఎదురుగా తగిలితే 90 టన్నులు. గుడ్డ పడుకునే ఉంటుంది కదా, అంత ఎందుకు వస్తుందని ఒక ఇంజినీరు గారు అడిగారు. వదులుగా ఉన్న గుడ్డ గాలిలో పడుకుని ఉండదు. లేస్తుంది, విరుచుకుపడుతుంది, చివర్లు కొరడాలా కొట్టుకుంటాయి. మొదట చిరిగేది ఆ చివర్లే.

లోకంలో ఇది జరగని విషయం కాదు. భారీ గుడ్డ శిల్పాలకు పేరుపడ్డ క్రిస్టో, జాన్-క్లోద్ దంపతులు 1972లో కొలరాడోలో రెండు కొండల మధ్య నారింజరంగు తెర కట్టారు. కట్టడం పూర్తయిన 28 గంటలకే పెనుగాలి రావడంతో దించేయాల్సి వచ్చింది. వాళ్ళే 1991లో కాలిఫోర్నియాలో, జపాన్‌లో పెద్ద పెద్ద గొడుగులు నాటినప్పుడు కాలిఫోర్నియాలో గాలికి లేచిన ఒక గొడుగు తగిలి చూడటానికి వచ్చిన మహిళ చనిపోయింది. జపాన్‌లో విప్పేటప్పుడు కరెంటు తగిలి ఒక పనివాడు చనిపోయాడు. అనుభవంలో, జాగ్రత్తలో వాళ్ళను మించినవాళ్ళు ఈ రంగంలో లేరు. అయినా అలా జరిగింది. నేను సమావేశంలో ఈ సంగతి చెప్పినప్పుడు గది నిశ్శబ్దమైంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళు ఆ గదిలో చాలామంది ఉన్నారు, గాలి అంటే ఏమిటో వాళ్ళకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

రెండో చిక్కు మేడలది. తాళ్ళు కట్టే కొక్కేలు పిట్టగోడకు వేద్దామన్నారు. మన మేడల పిట్టగోడ చాలాచోట్ల ఇటుక, సిమెంటు, మధ్యలో ఇనుము ఉండదు. పక్కకు లాగితే అది గోడలా నిలవదు, ఊడి రోడ్డు మీద పడుతుంది. లాగుడు తట్టుకోవాలంటే కొక్కెం స్లాబు దాటి స్తంభం కడ్డీల దాకా దిగాలి. అందుకు మేడ డ్రాయింగులు కావాలి, యజమాని ఒప్పుకోవాలి, రేపు ఆ మేడ అమ్ముడుపోతే కొన్నవాళ్ళూ ఒప్పుకోవాలి. నలుగురిలో ఇద్దరు యజమానులు మర్యాదగానే వద్దన్నారు. వాళ్ళది నూటికి నూరుపాళ్ళు సబబు.

ఏం ప్రయత్నించాం

గుడ్డను వెంటనే కాదనకూడదని నా పట్టుదల. శిల్పి ఇంటి మగ్గం మీద పుట్టిన ఆలోచన అది. లెక్క చూపించి కొట్టేస్తే ఆమె నమ్మదు, నమ్మనవసరం కూడా లేదు. అందుకని మున్సిపల్ యార్డులో నాలుగు స్తంభాలు పాతి చిన్న ముక్క కట్టి చూశాం. అంచు చుట్టూ మడతకుట్టు, తాడు దూర్చడానికి ఇత్తడి కళ్ళు, నైలాన్ తాడు. సముద్రపు గాలి మొదలయ్యే మధ్యాహ్నం వేళ ఆమే దగ్గర నిలబడి చూసింది. గుడ్డ నడిమిభాగం చెక్కుచెదరలేదు. ఇత్తడి కంటి చుట్టూ పోగులు ఒక్కొక్కటే పక్కకు జరిగి, కన్ను సాగి, కుట్టు దగ్గర నుంచి ఒక గీతలా చిరుగు పాకింది. ఆ తర్వాత వాన. గుడ్డ మధ్యలో నీళ్ళు నిలిచాయి. చదరపు మీటరు మీద సెంటీమీటరు ఎత్తు నీళ్ళు నిలిస్తే 10 కిలోలు. అదే 600 చదరపు మీటర్ల మీద నిలిస్తే 6 టన్నులు, అదీ కూడలిలో జనం నెత్తిన. తడిసి ఆరి తడిసిన నూలు మీద కొద్దిరోజుల్లో నల్లటి బూజు చుక్కలు. శిల్పి ఆ ముక్కను మడిచి పక్కన పెట్టి, "గాలిని ఆపేది వద్దు సార్, గాలి పోయేది కావాలి" అంది. దాంతో గుడ్డ వల అయింది. ఆ మాట ఆమె నోటి నుంచి రావడం ఎంత ముఖ్యమో తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి వలకు తగ్గట్టు బొమ్మ మార్చుకుంటూ వెళ్ళింది గాని, పోయిన గుడ్డ కోసం ఎక్కడా పేచీ పెట్టలేదు.

వల అనగానే హార్బరులో పాత వలలు కొని కుట్టేద్దామన్న ఆలోచన వచ్చింది. చవక, ఊరి కథ ఉంటుంది, చెత్త కూడా తగ్గుతుంది. నాకూ నచ్చింది. కానీ పాత నైలాన్ ఎండలో పడి ఉంటే లోపల ఎంత మిగిలిందో పైకి తెలియదు. ముక్కలు కోసి లాగి చూస్తే ఒకే వలలో ఒక ముడి బరువు ఆపుతుంది, పక్క ముడి ఇట్టే తెగుతుంది. సరుకు బలహీనంగా ఉన్నా లెక్కలోకి తీసుకోవచ్చు, ఎక్కువ వాడతాం. ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉంటే ఏ అంకె మీద సంతకం పెట్టాలి? అందుకే వద్దనుకున్నాం.

కొత్త నైలాన్ వల తెప్పించి యార్డులో కట్టాం. తడిస్తే నైలాన్ సాగుతుంది, ఎండితే బిగుస్తుంది. రోజంతా ఆకారం మారుతూనే ఉంది. అంతకంటే పెద్ద సంగతి, అది చేపలకు వాడే సన్నటి తెల్ల వల. ఒక పొద్దున ఒక గోరింక అందులో చిక్కుకుని వేలాడుతోంది. రెక్క చుట్టూ దారం రెండు చుట్లు పడి, కదిలిన కొద్దీ బిగుస్తోంది. వలల పనికని హార్బరు నుంచి వచ్చిన పెద్దాయన పిట్టను అరచేతిలో పట్టుకుని, పళ్ళతో దారం కొరికి విడిపించాడు. "కంటికి ఆనకూడదనే కదా బాబూ ఈ వల చేసేది. చేపకి ఆనదు, పిట్టకీ ఆనదు" అన్నాడు. పారిస్‌లో ఆర్క్ ద త్రియోంఫ్ అనే కట్టడం చుట్టూ గుడ్డ చుట్టాలని క్రిస్టో దంపతులు తలపెట్టిన పని మొదట వాయిదా పడింది అక్కడ గూడు కట్టే డేగల కోసమే. ఆ తర్వాత కోవిడ్ వచ్చి అది 2021 సెప్టెంబరులో గాని పూర్తికాలేదు. వాళ్ళు డేగల కోసం ఆగారు, మేం గోరింకల కోసం దారం మార్చడం పెద్ద విషయం కాదు. కనీసం 3 మిల్లీమీటర్ల మందం, దూరానికి కొట్టొచ్చినట్టు కనపడే రంగు, ఒంటి పోగు దారం అసలు వద్దు. ఈ మూడూ కాంట్రాక్టులో షరతులయ్యాయి.

తాడు బిగువు

పని మొత్తంలో నేను ఎక్కువసేపు వాదించింది ఇక్కడే. అధికారులకూ శిల్పికీ కూడా వల సాపుగా, చదునుగా కనపడాలని ఉంది. ఫొటోలో అలా బాగుంటుంది. నేను కాగితం మీద చూపించాను. రెండు స్తంభాల మధ్య 40 మీటర్ల తాడు, మీటరుకు 10 కిలోల భారం అనుకుందాం. తాడు మధ్యలో 4 మీటర్లు వేలాడనిస్తే చివర్లలో అడ్డంగా లాగేది 500 కిలోలు. 1 మీటరుకు బిగిస్తే 2,000 కిలోలు. భారం పెరగలేదు, తాడు మారలేదు, వేలాడే లోతు నాలుగో వంతైంది కాబట్టి లాగుడు నాలుగు రెట్లయింది. తడిబట్టలు వేసిన దండేన్ని సాపుగా లాగాలని చూస్తే మేకు ఊడొస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు, లెక్క అదే. వాళ్ళు తలూపారు గాని మనసు ఒప్పుకోలేదు.

పెద్దాయన మా మాటలు వింటూ నమూనా తాడును చేత్తో మీటి చూశాడు. "అంత బిగిస్తే వల బతకదు బాబూ. గాలికి కొంచెం ఒగ్గీయాలి. ఒగ్గితే మడతడి ఊరుకుంటది" అన్నాడు. తర్వాత నేల మీద కూర్చుని చూపించాడు. నూరు బారల వలను యాభై బారల తాడుకు కడతారు. మిగతా యాభై బారలూ కళ్ళలో సర్దుకుంటుంది. తాడుకు వల ఎంత పొదిగామన్న దాన్నిబట్టి కన్ను సన్నగా నిలబడుతుందో, చతురస్రంగా తెరుచుకుంటుందో తేలుతుంది. తాడు పొడుగును వల పొడుగుతో భాగిస్తే వచ్చే ఈ నిష్పత్తి 0.5 అయితే కన్ను పొడుగ్గా వేలాడుతుంది, 0.71 దగ్గర పూర్తిగా తెరుచుకుని తక్కువ దారంతో ఎక్కువ వైశాల్యం కప్పుతుంది. ఇది జ్యామితి, ఎవరు లెక్కగట్టినా అంతే వస్తుంది. కానీ శిల్పి కోరుకున్న మడత ఈ నిష్పత్తిలోనే దాగి ఉందని ఆ గదిలో ముందు తెలిసింది పెద్దాయనకే. శిల్పి ఆయన పక్కన కూర్చుని, అంచు పొడుగునా ఒక్కోచోట ఒక్కో నిష్పత్తి పెట్టి చూసింది. ఒకచోట వదులు, ఒకచోట గుత్తంగా. నమూనా గాల్లోకి లేవగానే మడతలు వాటంతటవే వచ్చాయి. చదునుగా ఉండాలన్న కోరిక ఆ రోజుతో పోయింది. దానికి నా 2,000 కిలోల అంకె ఎంత కారణమో ఆ మడతల అందం అంతకంటే ఎక్కువ కారణం.

ఏది పనిచేసింది

ముందు చోటు మారింది. కూడలి వదిలేసి, బీచ్ రోడ్డు పక్కనే ఉన్న నగరపాలక సంస్థ మైదానానికి వెళ్ళాం. కూడలి మీద కట్టినదాన్ని దించాలంటే ట్రాఫిక్ ఆపాలి, పోలీసు అనుమతి కావాలి, రాత్రిదాకా ఆగాలి. తుఫాను ముందు రోజు పోలీసులకు అంతకంటే ముఖ్యమైన పనులుంటాయి. అప్పుడు దించలేని వలను కట్టనే కూడదు. ఇదే నిర్ణయం మిగతావన్నీ తేల్చింది. ఆ తర్వాత ప్రతి డ్రాయింగు మీదా మొదట అడిగిన ప్రశ్న ఇదే: దీన్ని ఎవరు, ఎంతసేపట్లో, ఏ పరికరంతో దించుతారు?

మూడు ఉక్కు స్తంభాలు, 14 మీటర్ల ఎత్తు, త్రిభుజంలో ఒక్కో భుజం 30 మీటర్లు. స్తంభాలు ఏడాదంతా అక్కడే ఉంటాయి కాబట్టి, వల లేకుండా 50 మీటర్ల పూర్తి గాలికి లెక్క వేశాం. వల తాత్కాలికం. 50 మీటర్ల మండలంలో తాత్కాలిక నిర్మాణాలకు కోడ్ 0.70 గుణకం ఇస్తుంది, వేగం 35 మీటర్లకు దిగుతుంది. 35 అంటే చదరపు మీటరుకు 75 కిలోలు, 50కి వచ్చినదాంట్లో సగం. పైగా వలలో దారం కప్పేది 15 శాతం అటూ ఇటూ, మిగతాది ఖాళీ. మొత్తం 400 చదరపు మీటర్ల వలకు ఆ గాలిలో సుమారు 4.5 టన్నుల బలం వస్తుంది. గుడ్డ దగ్గర మొదలైన 90 టన్నుల నుంచి ఇక్కడికి దిగాం. నేల ఇసుక, నీటిమట్టం పైకే ఉంది, అందుకని స్తంభాల కింద పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించే పునాది స్తంభాలు, తప్పలేదు. ఖర్చులో పెద్దభాగం అలా కంటికి కనపడనిచోటికే పోయింది.

దారానికి పాలియెస్టర్ తీసుకున్నాం. డైనీమా అనే ప్లాస్టిక్ దారం ఇంకా బలమైనది, బరువుకు బరువు చూస్తే ఉక్కును దాటిపోతుంది. కానీ నున్నగా ఉంటుంది, ముడి జారుతుంది. ఎప్పుడూ లాగుడులో ఉంటే మెల్లమెల్లగా సాగుతుంది కూడా. కాబట్టి దాన్ని అంచు తాడుకు మాత్రమే, తక్కువ లాగుడులో వాడాం. వలకు పాలియెస్టర్, అదీ పోగు తీసేటప్పుడే కరిగిన ప్లాస్టిక్‌లో రంగు కలిపినది. అద్దిన రంగు దారం పైనే ఉంటుంది, మన ఎండకు ముందు పోయేది అదే. ముడులన్నీ రెట్టింపు ముడులు. ముడి పడ్డచోట దారం బలం సుమారు సగానికి తగ్గుతుందని లెక్కలో పెట్టాం. వల మొత్తం బరువు 150 కిలోల లోపే, ఆరుగురు మోసుకెళ్ళగలిగేంత.

మూలల్లో పెట్టిన లింకు ఆలోచన కూడా హార్బరుదే. వల రాయికి పట్టుకుంటే పడవో వలో పోకుండా, ముందు తెగేటట్టు మధ్యలో ఒక సన్నతాడు వేస్తారట. మేమూ ప్రతి మూలా తెగే బలం తెలిసిన లింకు ఒకటి పెట్టి, దాని పక్కనే 2 మీటర్లు పొడుగైన గట్టి తాడు వదులుగా కట్టాం. గాలి హద్దు దాటితే లింకు తెగుతుంది. ఆ మూల 2 మీటర్లు లోపలికి జారుతుంది, వల మరింత లోతుగా వేలాడుతుంది, లోతు పెరిగింది కాబట్టి లాగుడు దానంతటదే పడిపోతుంది. అప్పటికీ వల మనిషి తలకు బాగా పైనే ఉండేటట్టు ఎత్తు ముందే లెక్కగట్టాం. తుఫానుకు వాతావరణ శాఖ హెచ్చరిక 48 గంటల ముందే వస్తుంది. ఎండాకాలం సాయంత్రం ఉన్నట్టుండి లేచే ఈదురుగాలికి అంత వ్యవధి ఉండదు. ఈ లింకు అలాంటి గాలి కోసం.

కాలం విషయంలో ఏడాదంతా అన్న మాట వదిలించడానికి క్యాలెండర్ ఒక్కటే చాలింది. మన తీరానికి తుఫాన్లు ఏప్రిల్, మేల్లో ఒక విడత, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకో విడత. మధ్యలో వానాకాలం. సంక్రాంతికి గాలిపటాల గాజు మాంజా దారాలను కోస్తుంది. అన్నీ పోగా సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి మార్చి ఆఖరు దాకా మిగిలింది. ఏటా ఆ రెండున్నర నెలలే వల ఉంటుంది. కమిషనర్ గారు మొదట నిరాశపడ్డారు. ఏటా ఎత్తడమే ఒక పండగ అవుతుందని శిల్పి చెప్పాక ఒప్పుకున్నారు. నా మటుకు నాకు ఏడాదంతా వేలాడి దుమ్ము పట్టి ఎవరూ తలెత్తి చూడని వల కంటే ఇదే మంచి శిల్పం.

టెండరు దగ్గర చిక్కుకున్నాం. వల అల్లడానికి ఎస్ఎస్ఆర్‌లో, అంటే ప్రభుత్వ పనుల ప్రామాణిక రేట్ల పట్టికలో, రేటు లేదు. దగ్గర్లో ఉన్నది తోటలకు వేసే షేడ్ నెట్. ఆ రేటు కడితే ముడికి పైసా కూడా పడదు. దారం ఖర్చు, ఒక మనిషి రోజుకు వేయగల ముడులు, నైపుణ్యం ఉన్న పనివాడి కూలి, వీటితో రేటు విశ్లేషణ తయారుచేసి, హార్బరులో నిజంగా ముట్టే కూలిని దానికి ఆధారంగా జతచేశాం. దీనికి పట్టినంత కాలం స్తంభాల డిజైనుకు పట్టలేదు. వల అల్లినవాళ్ళను కాంట్రాక్టరు కింద కూలీలుగా కాకుండా విడిగా, వాళ్ళ సంఘం పేరు మీద చూపించాలని నేనూ శిల్పీ పట్టుబట్టాం. ప్రతి సీజన్‌కూ దించి, చూసి, తెగిన కన్ను కట్టాల్సింది వాళ్ళే. ఒక్కసారి బిల్లు ఇచ్చి పంపిస్తే మరుసటేడు ఎవరు వస్తారు? నిర్వహణకు అయిదేళ్ళ డబ్బు మొదటి అంచనాలోనే పెట్టించాం.

ఎత్తాక

ఎత్తే ముందు దించడం సాధన చేయించాం. పగలూ, రాత్రీ, తాడు చుట్టి వదిలే యంత్రం, అంటే వించ్, ఒకటి పనిచేయనప్పుడు కూడా. గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది కాబట్టి రోడ్డు వైపు రెండు మూలలు ముందు వదలాలి, సముద్రం వైపు మూల ఆఖరున. అప్పుడు వల త్రిభుజం లోపలే, మైదానంలోనే పడుతుంది. వరస తిరగబడితే సముద్రం వైపు నుంచి ఊడిన వల గాలికి ఎగిరి రోడ్డు మీదికి పోతుంది. ఈ వరసను వించ్ పెట్టె మూత లోపల తెలుగులో, పెద్ద అక్షరాలతో, బొమ్మతో సహా రాయించాం. ఇంజినీర్లు బదిలీ అయిపోతారు, పెట్టె మూత బదిలీ అవదు.

మొదటి సీజన్ చివర్లో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. రోడ్డు వైపు ఒక మూల లింకు తెగింది. వల 2 మీటర్లు జారి, లోతుగా వేలాడి, ఊగి నిలబడింది. కింద ఐస్‌క్రీం బండి అతను బండి పక్కకు లాక్కున్నాడు, అంతే. వాచ్‌మన్, మున్సిపల్ ఎలక్ట్రీషియన్, హార్బరు నుంచి వచ్చిన నలుగురు కలిసి వరస ప్రకారం దించేశారు. మర్నాడు వలను నేల మీద పరిచి చూస్తే తెగిన కళ్ళు చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే, అవీ అంచు తాడు దగ్గర, వల గుత్తంగా పొదిగినచోట. పొదుగు వదులుగా ఉన్నచోట ఒక్కటీ తెగలేదు. పెద్దాయన ఆ గుత్తపు భాగం విప్పి, కొంచెం వదులుచేసి మళ్ళీ కట్టాడు. శిల్పి అందుకు తగ్గట్టు పక్కన మడత ఒకటి పెంచింది.

ఇది చదివి ఇలాంటి పని ఒప్పుకోబోయే ఇంజినీర్లకు నేను ప్రత్యేకంగా చెప్పాలనుకునేది రెండే. మొదటిది, శిల్పి గీసిన బొమ్మ మీకు చేరేసరికి ఖాయమైపోయి ఉంటే, సర్టిఫికెట్ మాట పక్కన పెట్టి చిన్న ముక్క ఒకటి గాల్లో కట్టండి. కాగితం మీద మనం వద్దన్నది పేచీ అవుతుంది. కళ్ళముందు చిరిగింది పేచీ అవదు. రెండోది మరీ ముఖ్యం: వలలు బాగుచేసేవాళ్ళను డిజైను అయ్యాక పనికి పిలవకండి, డిజైనుకు ముందే పిలవండి. పొదుగు నిష్పత్తి, తెగే తాడు, పిట్టకు ఆనే దారం, ఈ మూడూ మా కాగితాల మీదికి వచ్చింది వాళ్ళ దగ్గర్నుంచే. నా లెక్కలు వాటికి కొలతలు ఇచ్చాయి.

సరిపడని సంగతి ఒకటి ఇంకా మిగిలే ఉంది. రంగుల్లో ముదురు గులాబీ మిగతావాటి కంటే త్వరగా వెలిసిపోతోంది, అదీ పైవైపు మాత్రమే. వలతో పాటే ఎండలో వేలాడే చిన్న నమూనా ముక్కల్ని ప్రతి సీజన్ చివరా తీసి లాగి చూస్తాం. ఇప్పటిదాకా బలం మేం పెట్టుకున్న హద్దు లోపలే ఉంది, రంగుదే సమస్య. శిల్పి ఆ రంగును పూర్తిగా తీసేద్దామంటోంది. సరఫరాదారు అదే రంగు వేరే పిగ్మెంటుతో ఇస్తానంటున్నాడు. రెండు దారాలూ యార్డులో పక్కపక్కనే ఎండలో కట్టి ఉన్నాయి, వచ్చే సీజన్ అల్లకం మొదలయ్యేలోపు వాటిని చూసి తేలుస్తాం.